మందుల చీటీలో ‘రాత్రి’ అంటే ఏ రాత్రి? షిఫ్టుల్లో పనిచేసే ఒక బీపీ రోగి కేసు

నేపథ్యం

యాభై దాటిన పురుషుడు. పగలూ రాత్రీ నడిచే కర్మాగారంలో కంట్రోల్ రూమ్ ఉద్యోగం, ఎనిమిది గంటలూ తెరల ముందు కుర్చీలోనే. గుర్తుపట్టే వివరాలు తీసేశాం కానీ షిఫ్టుల వరస మాత్రం ఉంచక తప్పదు, కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక వారం నైట్ (రాత్రి 10 నుంచి ఉదయం 6), తర్వాతి వారం సెకండ్ (మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10), ఆపై ఫస్ట్ (ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2). మళ్లీ నైట్. ఇది వెనక్కి తిరిగే వరస. మనిషి జీవగడియారం 24 గంటల కన్నా కాస్త నిదానంగా నడుస్తుంది కాబట్టి ఆలస్యంగా పడుకోమంటే తొందరగానే సర్దుకుంటుంది, ముందుగా పడుకోమంటే మొరాయిస్తుంది. ఈ వరసలో నైట్ నుంచి సెకండ్‌కు, సెకండ్ నుంచి ఫస్ట్‌కు వచ్చిన ప్రతిసారీ ఆ మొరాయించే పనే చేయాలి.

ఆరేళ్లుగా బీపీ. ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. ‘ఉదయం’ వేసుకుంటున్నాడు. బీఎంఐ 28.4, నడుము 101 సెం.మీ., హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటు) 6.0, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118. పొగ మానేసి పదేళ్లయింది. తండ్రికి 58వ ఏట గుండెపోటు.

ఏ సమస్యతో వచ్చాడు

మూడు నెలల కిందట వ్యాయామం మొదలుపెట్టాడు. నైట్ వారంలో డ్యూటీ దిగగానే ఉదయం ఆరున్నరకు 40 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద పరుగు, ఆ తర్వాత నిద్ర. ఫస్ట్ షిఫ్టు వారంలో తెల్లవారుజామున 4 గంటలకే లేచి పరుగు, ఆపై డ్యూటీ. సెకండ్ వారంలో ఎప్పుడు వీలైతే అప్పుడు. వారానికి ఐదు రోజులకు తగ్గలేదు.

ఫలితం తిరగబడింది. పరుగు ఆపాక పదిహేను ఇరవై నిమిషాలు గుండె దడ. నిద్ర లేవగానే తలనొప్పి. ఇంట్లో చూసుకున్న బీపీ ఒక రోజు 118/74, మరో రోజు 162/98. చేతి గడియారం చూపే విశ్రాంతి గుండె వేగం మూడు నెలల్లో 74 నుంచి 82కి పెరిగింది. “చెయ్యమన్నవన్నీ చేస్తున్నాను డాక్టరుగారూ, చెయ్యకముందే బాగున్నాను” అన్నాడు. ఆ మాటను అక్షరాలా నమ్మాల్సింది. వ్యాయామం చేస్తున్న మనిషికి విశ్రాంతి వేగం తగ్గాలి. పెరుగుతోందంటే నిద్ర చాలడం లేదో, శ్రమ మితిమీరిందో, లోపల ఇంకేదైనా జబ్బుందో తేల్చాలి.

మొదటి నిర్ణయం: ముందు గుండెను చూడాలి

శ్రమతో ముడిపడిన లక్షణం, యాభై దాటిన వయసు, కుటుంబ చరిత్ర. ఈ మూడూ కలిసినప్పుడు వ్యాయామం వేళ మార్చడం, మందు సవరించడం తర్వాతి మాట. బొత్తిగా కదలని మనిషి ఒక్కసారిగా తీవ్రంగా శ్రమపడితే, ఆ వెంటనే వచ్చే గంటలో గుండెపోటు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని 1993లోనే తేలింది. ఆ అధ్యయనంలో వారానికి ఒక్కసారి కూడా తీవ్ర వ్యాయామం చేయనివారికి ముప్పు 107 రెట్లయితే, ఐదుసార్లు ఆపైన చేసేవారికి 2.4 రెట్లే. వ్యాయామం చేసేవారిని ఆ వ్యాయామమే కాపాడుతుంది, కానీ అక్కడిదాకా మెట్టుమెట్టుగా వెళ్లాలి. ఈయన ఒకటో రోజునే పరుగుతో మొదలుపెట్టాడు.

ఈసీజీ మామూలుగా ఉంది. ఎకోలో (గుండె స్కానింగ్) గుండె గోడ మందం 12 మి.మీ., కొంచెం ఎక్కువే. పంపింగ్ 62 శాతం, మామూలే. ట్రెడ్‌మిల్ పరీక్షలో 8.9 మెట్స్ (ఊరికే కూర్చున్నప్పటికి ఎన్ని రెట్ల శ్రమో చెప్పే కొలత) వరకు వెళ్లాడు, రక్తప్రసరణ లోపం కనిపించలేదు. కానీ ఆపిన తర్వాత మొదటి నిమిషంలో గుండె వేగం 11 మాత్రమే తగ్గింది. 12 లేదా అంతకు తక్కువ తగ్గితే అసాధారణం. గుండెకు కళ్లెం వేసే వేగస్ నాడి ఆలస్యంగా పట్టు అందుకుంటోందని అర్థం. హోల్టర్‌లో (రోజంతా ఈసీజీ తీసే పరికరం) అక్కడక్కడ గుండె పై గదుల నుంచి అదనపు స్పందనలు, అవి కూడా ఎక్కువగా పరుగు తర్వాతే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) లేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొటాషియం సరిగ్గానే ఉన్నాయి.

గోడ మందం చూస్తే బీపీ క్లినిక్ అంకెల కన్నా ఎక్కువసేపు ఎక్కువగా ఉంటోందన్న అనుమానం వచ్చింది. అందుకే 24 గంటల బీపీ రికార్డర్ పెట్టాం. పొరపాటు ఇక్కడే జరిగింది.

తప్పుగా చదివిన రిపోర్టు

రికార్డర్ పెట్టింది నైట్ వారంలో. యంత్రంలో ‘పగలు’ ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, 20 నిమిషాలకు ఒకసారి. ‘రాత్రి’ 10 నుంచి 6 వరకు, అరగంటకు ఒకసారి. ఎవరూ మార్చకపోతే ఉండే అమరిక ఇది. 64 కొలతల్లో 57 సరిగ్గా వచ్చాయి. 70 శాతం దాటితే రికార్డు పనికొస్తుంది కాబట్టి అక్కడ అభ్యంతరం లేదు. రిపోర్టు ఇలా వచ్చింది: పగలు సగటు 137/86, రాత్రి సగటు 147/91.

ఆరోగ్యవంతుల్లో నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగుతుంది. 10 కన్నా తక్కువ దిగితే ‘నాన్ డిప్పర్’, దిగకపోగా పెరిగితే ‘రివర్స్ డిప్పర్’. ఈ చివరి రకానికి గుండె, మెదడు, మూత్రపిండాల ముప్పు బాగా ఎక్కువ. రిపోర్టు మీద పెద్ద అక్షరాల్లో ఆ మాటే ఉంది. దాన్ని నమ్మి టెల్మిసార్టాన్‌ను 80కి పెంచాం, మూత్రం ఎక్కువ చేసే హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మి.గ్రా. చేర్చాం, మందులన్నీ ‘రాత్రికి’ మార్చాం.

యంత్రం ‘రాత్రి’ అన్న ఆ ఎనిమిది గంటలూ ఆయన డ్యూటీలో మెలకువగా ఉన్నాడు. ‘పగలు’ అన్న పదహారు గంటల్లో ఐదు గంటలు (ఉదయం 8.30 నుంచి మధ్యాహ్నం 1.30 వరకు) నిద్రపోయాడు. పనిచేస్తున్న మనిషి బీపీని నిద్రలో బీపీ అనుకున్నాం.

ఏం చేశాం, ఎందుకు తిరగబడింది

‘రాత్రి ఒకటి’ అని రాసిన చీటీని ఆయన బుద్ధిగా పాటించాడు. నైట్ వారంలో 10 గంటలకు డ్యూటీ ఎక్కుతూ వేసుకున్నాడు, షిఫ్టంతా మూత్రానికి తిరిగాడు. ఫస్ట్ వారంలో 9 గంటలకు వేసుకుని పడుకున్నాడు, రెండు మూడుసార్లు మెలకువ వచ్చింది, అసలే ఐదు గంటలున్న నిద్ర ఇంకా తరిగింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున లేచి నిలబడగానే కళ్లు తిరిగాయి. నిలబడి చూస్తే 104/66.

ఇక్కడ మందు వేళ గురించి రెండు మాటలు. ఆమ్లోడిపిన్ శరీరంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది, టెల్మిసార్టాన్‌కు సుమారు ఒక రోజు. రోజూ వేసుకునేవారికి వీటిని ఉదయం నుంచి రాత్రికి మారిస్తే పెద్ద తేడా రాదు. మూత్రం ఎక్కువ చేసే మాత్ర అలా కాదు, మూత్రం తెప్పించే ప్రభావం వేసుకున్న మొదటి కొన్ని గంటల్లోనే. 2019లో వచ్చిన హైజియా అధ్యయనం పడుకునే ముందు వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం వంటి గుండె, రక్తనాళాల ఘటనలు మొత్తం మీద దాదాపు సగానికి తగ్గుతాయని చెప్పడంతో చాలామంది వైద్యులు మాత్రలన్నీ రాత్రికి మార్చారు. 2022లో బ్రిటన్‌లో 21 వేలమందికి పైగా రోగుల మీద జరిగిన టైమ్ అధ్యయనంలో ఉదయానికీ సాయంత్రానికీ తేడా కనిపించలేదు. కాబట్టి మరిచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ అనుకోవచ్చు, నిద్రను పాడుచేయనంతవరకు. మేము పాడుచేశాం.

వ్యాయామం విషయంలోనూ ఇదే ధోరణి. తెల్లవారుజాము పరుగు వద్దన్నాం. కారణం లేకపోలేదు: నిద్ర లేచే వేళకు కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు పెరుగుతాయి, బీపీ ఎగబాకుతుంది, రక్తపు గడ్డలను కరిగించే శక్తి తగ్గుతుంది, లేచి నిలబడగానే ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణం పెరుగుతుంది. గుండెపోట్లు ఉదయం 6 నుంచి మధ్యాహ్నంలోపు ఎక్కువని 1985 నుంచి తెలిసిందే. దాంతో ‘రోజూ సాయంత్రం ఏడింటికి’ అని చెప్పాం. సెకండ్ షిఫ్టులో ఏడింటికి ఆయన డ్యూటీలో ఉంటాడు, ఆ వారం మొత్తం పోయింది. ఫస్ట్ వారంలో ఏడున్నరకు మొదలుపెట్టి ఎనిమిదింబావు దాకా పరుగెత్తాడు, తొమ్మిదింటికి పడుకోవాలి. ఒళ్లు వేడి, గుండె వేగం మామూలు కన్నా 15 నుంచి 20 ఎక్కువ. పదిన్నర దాటితే గాని కన్ను మూతపడలేదు. మళ్లీ నాలుగుంబావుకు లేవాలి.

ఐదు వారాల తర్వాత చూస్తే విశ్రాంతి వేగం 84. దడ అలాగే ఉంది.

డైరీ ముందు పెట్టుకుని మళ్లీ లెక్క

నిద్ర డైరీ రాయమన్నాం. నాలుగే గడులు: పడుకున్న వేళ, లేచిన వేళ, మాత్ర వేళ, శ్రమ వేళ. పాత రికార్డును నైట్ వారం నిద్ర వేళల ప్రకారం మళ్లీ విడదీస్తే బొమ్మ మారింది. మెలకువలో సగటు 143/89, నిద్రలో 131/81. పై అంకె దిగింది 12, అంటే 8.4 శాతం. రివర్స్ డిప్పర్ కాడు, నాన్ డిప్పర్. నిద్రలో 120/70 దాటకూడదు కాబట్టి సమస్య ఉన్నమాట నిజమే, కానీ వేరే సమస్య.

నైట్ వారంలో నిద్ర పగటిపూట, పలచగా, వెలుతురులో. దిగుడు తక్కువ కావడానికి అదే కారణమా? తేల్చాలంటే రాత్రి నిద్రపోయే రోజున కూడా కొలవాలి. ఫస్ట్ వారం మూడో రోజున రెండోసారి పెట్టాం. మొదటి రోజు పెట్టలేదు, అప్పటికి శరీరం ఇంకా పాత వారంలోనే ఉంటుంది. మెలకువలో 138/86, నిద్రలో 129/80. దిగుడు 6.5 శాతమే. రాత్రి నిద్రలోనూ దిగడం లేదంటే షిఫ్టు ఒక్కటే కారణం కాదు. గురక ఉందా అని అప్పుడు అడిగాం. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. గట్టి గురక, మెడ చుట్టుకొలత 42 సెం.మీ., లేవగానే తలనొప్పి, మందులకు లొంగని బీపీ. ఇంట్లో చేసే నిద్ర పరీక్షలో గంటకు 19సార్లు శ్వాస ఆగడమో తగ్గడమో కనిపించింది, ఆక్సిజన్ 84 శాతం దాకా పడింది. గంటకు 15 నుంచి 30 మధ్య ఉంటే మధ్యస్థ స్థాయి స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగే జబ్బు).

శ్వాస ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి అడ్రినలిన్ విడుదల చేయిస్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. నిద్రలో దిగాల్సిన బీపీ దిగదు.

పనిచేసిన పద్ధతి

చీటీ నుంచి ‘ఉదయం’, ‘రాత్రి’ అనే మాటలు కొట్టేశాం. మందులన్నీ ‘పెద్ద నిద్ర నుంచి లేచిన గంటలోపు’. నైట్ వారంలో అది మధ్యాహ్నం రెండు, ఫస్ట్ వారంలో తెల్లవారుజామున ఐదు. వారం మారేటప్పుడు రెండు మోతాదుల మధ్య ఒక్కోసారి 15 గంటలే ఎడం వస్తుంది, ఒక్కోసారి 33 దాకా పోతుంది. దీర్ఘకాలం పనిచేసే మందులు కాబట్టి భరిస్తాయి. కొద్ది గంటలే పనిచేసే మందు అయితే ఈ పద్ధతి చెల్లదు. రెండు వారాల తర్వాత సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూశాం. పొటాషియం 3.9.

వ్యాయామానికీ గడియారం వేళ తీసేసి మూడు హద్దులు పెట్టాం. లేచిన గంటన్నర దాకా వద్దు. పెద్ద నిద్రకు మూడు గంటల ముందే ముగియాలి. నైట్ దిగిన ఉదయం అసలు వద్దు. వీటి ప్రకారం ఫస్ట్ వారంలో సాయంత్రం 4, సెకండ్ వారంలో ఉదయం 10, నైట్ వారంలో సాయంత్రం 6 అయింది. నైట్ మొదలయ్యే తొలి రోజున వ్యాయామం మాని, సాయంత్రం 90 నిమిషాల కునుకు.

ఏ వేళ గుండెకు మంచిదని ఆయన పదేపదే అడిగాడు. చేతికి యంత్రాలు కట్టి వేలమందిని గమనించిన బ్రిటన్ సమాచారంలోనే 2022లో ఒక విశ్లేషణ ఉదయం మేలంది, 2023లో మరొకటి మధ్యాహ్నం, అపరాహ్ణం మేలంది. 2024లో స్థూలకాయుల మీద వచ్చింది సాయంత్రం మేలంది. ఒకే సమాచారం నుంచి మూడు జవాబులు వచ్చాయంటే వేళ ప్రభావం ఉన్నా చిన్నదే అని మా లెక్క. వారానికి 150 నిమిషాలు పూర్తవుతున్నాయా, నిద్ర తినేయకుండా పూర్తవుతున్నాయా అన్నదే ఈయన విషయంలో పెద్ద ప్రశ్న.

తీవ్రత తగ్గించాం. పరుగు ఆపి వడి నడక, 30 నిమిషాలు, వారానికి ఐదుసార్లు. పరీక్షలో అత్యధిక వేగం 158, విశ్రాంతి వేగం 80. మధ్య తేడా 78. అందులో 40 నుంచి 60 శాతం కలిపితే నిమిషానికి 111 నుంచి 127. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు, వాళ్లకు ఆయాసాన్ని బట్టే చెప్పాలి. ముందు 10 నిమిషాలు నిదానంగా, చివర మరో 10 నిమిషాలు ఇంకా నిదానంగా. దడ తగ్గించింది ఈ చివరి పదే. ఆయన ఇంతకుముందు బెల్టు ఆపగానే దిగి కుర్చీలో కూలబడేవాడు. కాలి కండరాలు పంపు చేయడం ఆగితే రక్తం కాళ్లలో నిలుస్తుంది, అడ్రినలిన్ మాత్రం ఇంకా ఎత్తులోనే ఉంటుంది, వేగస్ నాడి ఆలస్యం. అదనపు స్పందనలకు అనువైన సమయం అదే. ఆరు వారాల తర్వాత వారానికి రెండుసార్లు బరువులు, ఊపిరి బిగబట్టకుండా, ఎత్తేటప్పుడు వదులుతూ.

డ్యూటీలో గంటకోసారి లేచి నాలుగు నిమిషాలు నడవమన్నాం. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఇది కష్టం, శరీర ఉష్ణోగ్రత అట్టడుగున ఉండే సమయం అది, ఒళ్లు కదలనంటుంది. ఆ రెండు గంటలకు బలవంతపెట్టలేదు.

జీవగడియారాన్ని నైట్ వారానికి పూర్తిగా తిప్పే ప్రయత్నం చేయలేదు. వారంలో అది సగం తిరిగేసరికి మళ్లీ షిఫ్టు మారుతుంది. 2009లో పదిమందిని ప్రయోగశాలలో 28 గంటల రోజులో ఉంచి చూస్తే, లోపలి గడియారానికి పూర్తి ఎదురుగా బతికిన రోజుల్లో సగటు రక్తపోటు 3 శాతం, చక్కెర 6 శాతం పెరిగాయి. నైట్ వారంలో ఈ మూల్యం కొంత తప్పదు. తగ్గించగలిగింది తగ్గించాం: షిఫ్టు మొదటి సగంలో మంచి వెలుతురు, చివరి రెండు గంటల్లో తక్కువ, అర్ధరాత్రి నుంచి ఆరు దాకా పెద్ద భోజనం వద్దు, పడకగదికి మందపాటి తెరలు. ఇంటికి వెళ్లేటప్పుడు నల్లద్దాలు మంచివే, బండి తానే నడిపేవారికి మాత్రం ప్రమాదం, ఉన్న కాస్త మెలకువా పోతుంది. ఈయన సంస్థ బస్సులో వెళ్తాడు కాబట్టి సరేనన్నాం.

సీప్యాప్ (నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి శ్వాసదారి మూసుకోకుండా చూసే యంత్రం) మొదలుపెట్టాం. 2016లో వచ్చిన సేవ్ అధ్యయనంలో అది గుండెపోట్లను తగ్గించలేదు, అయితే అందులో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. ఈ సంగతి ఆయనకు దాచలేదు. తలనొప్పికి, నిద్రకు, బీపీలో రెండు మూడు పాయింట్లకు అని చెప్పి ఇచ్చాం. సంస్థ వైద్యుడికి ఉత్తరం రాసి షిఫ్టుల వరస ముందుకు (ఫస్ట్, సెకండ్, నైట్) మార్చమని అడిగాం. మూడో నెలలో మారింది.

పదహారు వారాలకు

డైరీ ప్రకారం సగటు నిద్ర 5 గంటల 5 నిమిషాల నుంచి 6 గంటల 25 నిమిషాలకు చేరింది. విశ్రాంతి వేగం 72. ట్రెడ్‌మిల్ 10.2 మెట్స్, మొదటి నిమిషంలో తగ్గుదల 19. దడ రెండుసార్లే వచ్చింది, రెండూ చివరి పది నిమిషాలు ఎగ్గొట్టిన రోజులే. ఫస్ట్ వారం రికార్డు మెలకువలో 127/79, నిద్రలో 113/69, దిగుడు 11 శాతం. నైట్ వారం రికార్డు 131/81, నిద్రలో 118/73, దిగుడు 9.9 శాతం, కింది అంకె ఇంకా హద్దు పైనే. బరువు రెండు కిలోలే తగ్గింది.

మందు పెంచాం, మాస్క్ ఇచ్చాం, వ్యాయామం మార్చాం, షిఫ్టు మారింది. వీటిలో ఏది ఎంత పనిచేసిందో ఈ ఒక్క కేసులో విడదీయడం సాధ్యం కాదు. ఒక్కదానికి మాత్రం కారణం స్పష్టం: పరుగు తర్వాతి దడ. బీపీ దిగుడు ఎక్కువగా మాస్క్, నిద్ర పొడవుల ఫలితమని మా అంచనా, ఎందుకంటే టెల్మిసార్టాన్ 80తో మొదటి ఐదు వారాల్లో ఇంటి అంకెలు పెద్దగా కదల్లేదు.

ఇలాంటివారికి ఇప్పుడు మొదటి రోజే అడిగే ప్రశ్నలు మారాయి. గురక, షిఫ్టుల వరస, నిన్న ఏ వేళకు పడుకున్నారు. రికార్డర్ కట్టేటప్పుడు డైరీ కాగితం చేతికివ్వడం, మర్నాడు ఆ వేళలను యంత్రంలో ఎక్కించాకే రిపోర్టు తీయడం తప్పనిసరి చేశాం. ఫస్ట్ వారంలో ఒకటి, నైట్ వారం రెండో రోజు తర్వాత ఒకటి, రెండు రికార్డులు లేకుండా డిప్పర్ అన్న మాట రాయడం లేదు.

సీప్యాప్ యంత్రంలోని వాడకం లెక్క చూసినప్పుడు మొదటి నెలలో నైట్ వారమంతా సున్నా. మాస్క్ ఇబ్బందిగా ఉందా అంటే లేదన్నాడు. యంత్రంతో ఇచ్చిన కాగితంలో ‘ప్రతి రాత్రి ధరించండి’ అని ఉంది, ఆయన పగలు పడుకున్న రోజుల్లో తీసి పక్కన పెట్టాడు. కాగితం మార్చి ఇచ్చాక నైట్ వారంలో సగటు 4 గంటల 50 నిమిషాలు.